చార్టు చేతికిచ్చాక: సంస్థల సాఫ్ట్‌వేర్‌ను మొబైల్ పరికరాల దాకా తీసుకెళ్ళడంలో అసలు చిక్కు

రిజర్వేషన్ ఉన్న రైలు బయలుదేరడానికి కొన్ని గంటల ముందు దాని చార్టు తయారవుతుంది. వెయిటింగ్ లిస్టులో ఉన్న ప్రయాణికుడికి అది తన టికెట్ ఖరారైందో లేదో తెలిసే ఘడియ. సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని చూసేవారికి మాత్రం అది అధికారం చేతులు మారే ఘడియ. అంతవరకు ఏ బెర్తు ఎవరిదో చెప్పగలిగింది కేంద్ర డేటాబేస్ ఒక్కటే. కాగితం చార్టుల కాలంలో అది అచ్చయి టీటీఈ చేతికి చేరాక, రాని ప్రయాణికుడి బెర్తును ఆర్‌ఏసీలో ఉన్నవారిలో ఎవరికి ఇవ్వాలో తేల్చేది కదులుతున్న బోగీలో నిలబడిన ఆ ఉద్యోగే. పెన్నుతో గీసిన గీతే అక్కడ తుది నిర్ణయం. ఆ మార్పు కేంద్ర కంప్యూటర్‌కు అప్పటికప్పుడు తెలియదు. తెలియకపోయినా బండి ఆగదు, ఒకే బెర్తు ఇద్దరికి పోదు.

కార్యాలయాల్లో ఏళ్ళ తరబడి నడుస్తున్న పెద్ద సాఫ్ట్‌వేర్‌ను మొబైల్ పరికరాలకు విస్తరించాలని సంస్థలు అనుకున్నప్పుడు చర్చ సాధారణంగా తెర పరిమాణంతో మొదలై, యాప్‌ను ఏ భాషలో రాయాలి, ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ ఒకే కోడ్ సరిపోతుందా అన్న ప్రశ్నల దగ్గర ముగుస్తుంది. ఇవి అవసరమైన ప్రశ్నలే అయినా వీటికి జవాబులు దొరకడం పెద్ద కష్టం కాదు. సర్వర్‌తో సంబంధం తెగిపోయిన సమయంలో చేతిలోని పరికరం ఏయే విషయాలను సొంతంగా నిర్ణయించవచ్చు, ఏవి నిర్ణయించకూడదు అన్నదే మొత్తం నిర్మాణాన్ని మలిచే ప్రశ్న. కాగితం చార్టు ఈ ప్రశ్నకు చక్కని జవాబు చెప్పింది. దాని స్థానంలోకి వచ్చే ఏ పరికరమైనా కనీసం అంత స్పష్టంగా జవాబు చెప్పగలగాలి.

భారతీయ రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. తరువాత వచ్చిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ 1994లో మొట్టమొదట అమలైంది సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అనే ఐదు కేంద్రాలు 1999 నాటికి ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ద్వారా ఇంటర్నెట్ టికెట్లు వచ్చాయి. ఈ దశలన్నిటిలోనూ కొన్ని ఊహలు మారలేదు. టెర్మినల్ ఒకచోట స్థిరంగా ఉంటుంది, దాని ముందు కూర్చున్నది ఎవరో వ్యవస్థకు తెలుసు, లైను ఉంటే అమ్మకం జరుగుతుంది, లేకపోతే జరగదు. ఇంటర్నెట్ టికెట్ కూడా ఈ మూడో షరతును దాటలేదు. లైను పోతే కౌంటరు ముందు నిలబడ్డవారు విసుక్కుంటారు, ఇంట్లో కూర్చున్నవారు పేజీని మళ్ళీ తెరుస్తారు, అంతకు మించి ప్రమాదం లేదు.

బోగీలో పరిస్థితి అలా ఉండదు. కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి. గాజులపల్లి, దిగువమెట్ట మధ్య పట్టాలు నల్లమల అడవిలోంచి వెళ్తాయి. సిగ్నల్ వచ్చేదాకా ప్రయాణికులను నిలబెట్టి ఉంచడం ఎవరికీ సాధ్యం కాదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన పీటర్ డాయిచ్ 1994లో, వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లను కలిపి పనిచేయించేవారు పడే భ్రమల పట్టిక ఒకటి రాశారు. అందులో మొదటిది ‘నెట్‌వర్క్ నమ్మదగినది’ అన్న భ్రమ. ఆఫీసు గోడల మధ్య ఆ భ్రమతో ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చు, పరికరం వీధిలోకి వచ్చిన మొదటి రోజే అది బయటపడుతుంది.

2022లో రైల్వేలు టీటీఈలకు చేతి పరికరాలను పెద్ద ఎత్తున ఇవ్వడం మొదలుపెట్టాయి. చార్టు ఇప్పుడు ఆ పరికరంలోకి వస్తుంది. ఎవరు ఎక్కారో, ఎవరు రాలేదో టీటీఈ అందులోనే నమోదు చేస్తారు, ఖాళీ అయిన బెర్తులు ఆర్‌ఏసీ, వెయిటింగ్ లిస్టు వారికి వెళ్తాయి, ఇంకా మిగిలినవి రాబోయే స్టేషన్లలో బుక్ చేసుకోవడానికి తిరిగి కేంద్రానికి చేరతాయి. ప్రయాణికుడికి ఇది నిజమైన మేలు. అయితే నిర్మాణపరంగా ఇక్కడ ఒక కొత్త చిక్కు పుట్టింది. కాగితం చార్టులో అధికారం ఒకే దిశలో, పూర్తిగా, ఒక్కసారి బదిలీ అయ్యేది. చేతి పరికరం వచ్చాక ఒకే బెర్తు మీద ఇద్దరు రాయగలరు. బోగీలోని టీటీఈ ఒకరు, ముందు స్టేషన్‌లో టికెట్ అమ్మే సర్వర్ మరొకటి. ఇద్దరి మధ్యా ఉన్న తీగ ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు.

కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించి, గిల్బర్ట్, లించ్ 2002లో నిరూపించిన సూత్రం దీని గురించే చెబుతుంది. నెట్‌వర్క్ ముక్కలైనప్పుడు, అన్నిచోట్లా ఒకే నిజం కనిపించాలన్న పట్టుదల, అడిగిన ప్రతిసారీ జవాబు ఇవ్వాలన్న పట్టుదల రెండూ కలిసి నిలవవు. ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవాలో వ్యవస్థ మొత్తానికి ఒకేసారి నిర్ణయించే సంస్థలే ఎక్కువగా దెబ్బతింటాయి, ఎందుకంటే ఆ ఎంపిక ఒక్కో రకం సమాచారానికి ఒక్కోలా ఉంటుంది. ప్రయాణికుడు ఎక్కాడన్న గుర్తును పరికరం నిశ్చింతగా తనలో రాసుకుని తరువాత పంపవచ్చు, ఆ బోగీలో ఆ సంగతి తెలిసినవారు మరొకరు లేరు కాబట్టి దానితో ఎవరూ విభేదించరు. ఖాళీ బెర్తు సంగతి వేరు. దాన్ని కేంద్రానికి తిరిగి ఇచ్చేయడమంటే టీటీఈ తన హక్కును వదులుకోవడమే. కాబట్టి ‘ఇచ్చేశాను’ అని నొక్కిన క్షణం నుంచి పరికరం ఆ బెర్తును ఎవరికీ కేటాయించనివ్వకూడదు, ఆ కబురు చేరేదాకా సర్వర్ దాన్ని అమ్మకూడదు. సొరంగంలో ఉన్నంతసేపు ఆ బెర్తు ఎవరిదీ కాకుండా ఉండిపోతుంది. కొన్ని కిలోమీటర్లు ఖాళీగా పోయిన బెర్తుతో రైల్వేకు కొంత ఆదాయం పోతుంది. ఇద్దరికి అమ్మిన బెర్తు మాత్రం అర్ధరాత్రి బోగీలో తగవై కూర్చుంటుంది. ఈ రెండింటిలో ఏ నష్టాన్ని భరించాలో చెప్పాల్సింది రైళ్ళను నడిపేవారు, ప్రోగ్రామర్లు కాదు. ఆచరణలో చాలా సంస్థల్లో ఈ ప్రశ్న వ్యాపారం తెలిసినవారి దాకా వెళ్ళనే వెళ్ళదు. కోడ్ రాసే వ్యక్తి ఏదో ఒకటి ఎంచుకుంటారు, అది ఎంపిక అన్న సంగతి కూడా నమోదు కాదు.

ఇదే చిక్కును రైల్వేలు కంప్యూటర్లు రాకముందే మరో పద్ధతిలో విడదీశాయన్నది గమనించదగ్గ విషయం. ఆ పద్ధతి కోటా. దూరపు బండిలో మధ్య స్టేషన్‌కు కొన్ని బెర్తులు విడిగా కేటాయిస్తే, అక్కడి గుమాస్తా తన రిజిస్టరులోని ఆ కొన్నింటిని ఎవరినీ అడగకుండా అమ్ముకోవచ్చు. ముందుగానే పంచేసుకున్నాక ప్రతి అమ్మకానికీ ఒకరినొకరు సంప్రదించే అవసరం పోతుంది. 1986లో ప్యాట్రిక్ ఓనీల్ డేటాబేస్ లావాదేవీల కోసం ప్రతిపాదించిన ఎస్క్రో పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే. మొత్తంలోంచి కొంత భాగాన్ని పక్కన పెట్టి ఉంచితే, ఆ భాగం హద్దుల్లో జరిగే పనులు మిగతావాటి కోసం ఆగనక్కర్లేదు. మన ఫోన్లలో దీనికి తాజా ఉదాహరణ యూపీఐ లైట్. 2022 సెప్టెంబరులో వచ్చినప్పుడు అందులో గరిష్ఠ నిల్వ 2,000 రూపాయలు, ఒక్కో చెల్లింపు హద్దు 200 రూపాయలు. ఆ తరువాత ఈ హద్దులు పెరిగాయి. ఖాతాలోంచి ముందే పక్కకు తీసి ఉంచిన సొమ్ము కాబట్టి టీకొట్టు దగ్గర ఇచ్చే చిన్న మొత్తం కోసం బ్యాంకు ప్రధాన వ్యవస్థను ప్రతిసారీ తట్టాల్సిన పని లేదు, పిన్ కూడా అవసరం లేదు. ఏదైనా పొరపాటు జరిగినా నష్టం ఆ హద్దును దాటదు. సరుకు నిల్వలు, అమ్మకపు రాయితీలు, రుణ పరిమితులు వంటి లెక్కించగల ప్రతిదానికీ ఈ పద్ధతి వర్తిస్తుంది. ఊళ్ళు తిరిగి ఆర్డర్లు తీసుకునే ప్రతినిధి ట్యాబ్‌లో గోదాములోని మొత్తం నిల్వను చూపించి, పరికరంలోని లెక్కనూ కేంద్రం లెక్కనూ తరువాత కలిపే సింక్ మీద ఆశ పెట్టుకోవడం కన్నా, ఆ రోజుకు ఆ ప్రతినిధి వాటాగా వంద పెట్టెలు రాసి ఇవ్వడం చాలా గట్టి ఏర్పాటు.

లెక్కించలేని వాటికి, అంటే రోగి కేసు వివరాలు, తనిఖీ నివేదిక, ఖాతాదారు చిరునామా వంటి వాటికి, పంపకం కుదరదు. అక్కడ పరికరం తన కాపీని మార్చడం, తరువాత రెండు కాపీలను కలపడం తప్పనిసరి. ఈ దారి వేసింది పరిశోధకులే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మహదేవ్ సత్యనారాయణన్ బృందం నిర్మించిన కోడా ఫైల్ వ్యవస్థ, లైను లేనప్పుడు ల్యాప్‌టాప్ ముందే కూడబెట్టుకున్న ఫైళ్ళతో పనిచేసి, లైను వచ్చాక మార్పులను సర్వర్‌లో కలిపే పద్ధతిని 1991 నాటికే చేసి చూపింది. జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రమైన పార్క్ (PARC)లో 1995లో వెలువడిన బేయూ వ్యవస్థ ఇంకో అడుగు ముందుకు వేసి, రెండు మార్పులు ఢీకొన్నాయో లేదో, ఢీకొంటే ఎలా కలపాలో వ్యవస్థ ఊహించకూడదని, ప్రతి మార్పుతో పాటు ఆ అప్లికేషనే చెప్పాలని తీర్మానించింది. అప్పటికి జేబులో పట్టే స్మార్ట్‌ఫోన్ లేదు. ఆ తరువాత సంస్థలు కట్టుకున్న ఎన్నో మొబైల్ వ్యవస్థలు ఈ రెండు పాఠాలనూ పట్టించుకోకుండా, చివర వచ్చిన మార్పే చెల్లుతుందన్న ఒక్క నియమంతో సరిపెట్టుకోవడం విచారకరం. ఆ నియమం కింద పోయిన సమాచారం పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఆచరణలో నిలిచే పద్ధతి ఒకటుంది. పరికరం మారిన స్థితిని కాక జరిగిన పనిని పంపాలి. ‘32వ బెర్తు ఖాళీ’ అని పంపితే, అది ఎందుకు ఖాళీ అయిందో, ఏ స్థితిని చూసి అలా రాశారో సర్వర్‌కు తెలియదు. ‘ఈ చార్టు ప్రకారం 32లో ఉండాల్సిన ప్రయాణికుడు ఫలానా స్టేషన్‌లో ఎక్కలేదు’ అని పంపితే, సర్వర్ దాన్ని తన దగ్గరున్న నిజంతో పోల్చి అంగీకరించగలదు, తిరస్కరించగలదు, మనిషి దృష్టికి తేగలదు. ప్రతి పనికీ పరికరమే ఒక విడి గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. పని సర్వర్‌కు చేరి, జవాబు మాత్రం దారిలో పోయినప్పుడు, పరికరం దాన్నే మళ్ళీ పంపుతుంది. సంఖ్య ఉంటే సర్వర్ పాత పనిని గుర్తుపట్టి పాత జవాబే ఇస్తుంది, లేకపోతే ఒకే డబ్బు రెండుసార్లు కట్ అవుతుంది. ఇక గడియారం సంగతి. ఫోన్ సమయాన్ని వాడేవారే మార్చగలరు కాబట్టి ఏది ముందు, ఏది వెనుక అన్న తీర్పు దాని మీద ఆధారపడకూడదు. సంఘటనల క్రమాన్ని గడియారాలతో పని లేకుండా వరుస సంఖ్యలతో తేల్చవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ ల్యాంపోర్ట్ 1978లోనే చూపించారు.

ఈ విషయాల్లో పొరపాటు జరిగితే భారం ఎవరి మీద పడుతుందో ఉపాధి హామీ పథకంలో హాజరు యాప్ చరిత్ర చెబుతుంది. ఎన్‌ఎంఎంఎస్ అనే ఈ యాప్ 2021 మేలో వచ్చింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులను మినహాయించి, అన్ని పనిచోట్లా తప్పనిసరి అయింది. కూలీల హాజరును, రోజుకు రెండు ఫొటోలను, ఆ చోటి గుర్తులతో సహా మేట్, అంటే పనిచోట కూలీలను చూసుకునే వ్యక్తి, తన ఫోన్ నుంచి పంపాల్సి వచ్చింది. అప్పటికే దేశమంతటా నడుస్తున్న కేంద్ర సమాచార వ్యవస్థకు ఇది మొబైల్ కొమ్మ. మన్యంలోనో, చెరువు గట్టు దిగువనో సిగ్నల్ లేనిచోట ఫొటో ఎక్కకపోతే, పని చేసినవారి హాజరే ప్రశ్నార్థకమైంది. నిజానికి హాజరు అనేది కేంద్రంతో సంప్రదించి తేల్చాల్సిన విషయమే కాదు. ఆ పనిచోట ఆ పూట ఎవరున్నారన్న సంగతికి పోటీ రాసేవారు వేరొకరు లేరు, కనుక బెర్తులాంటి చిక్కు ఇందులో లేనే లేదు. పరికరంలో భద్రంగా రాసుకుని, సిగ్నల్ దొరికినప్పుడు పంపడానికి అనువైన సమాచారానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఉదయపు హాజరును, మొదటి ఫొటోను నెట్‌వర్క్ లేకుండా తీసుకుని తరువాత పంపే వీలును యాప్‌లో కల్పించింది తరువాతి మార్పుల్లోనే. మొదటి రోజునే అడగాల్సిన ప్రశ్నను ఆలస్యంగా అడిగితే ఆ ఆలస్యం ఖరీదు కూలి డబ్బుల్లోంచి పోతుంది.

పరికరానికీ కేంద్రానికీ మధ్య ఉండే ద్వారం గురించి కూడా కొంత చెప్పుకోవాలి. సంస్థల పాత సాఫ్ట్‌వేర్ సర్వీసులు ఒకే భవనంలోని యంత్రాలు మాట్లాడుకోవడానికి రాసినవి. ఒక తెర నింపడానికి పది పిలుపులు, అంటే సర్వీసుకు పది అభ్యర్థనలు, చేసినా అక్కడ ఎవరికీ తేడా తెలియదు. మొబైల్ నెట్‌వర్క్‌లో ప్రతి పిలుపూ ఒక నిరీక్షణ. అందుకే పాత సర్వీసులను కదపకుండా, వాటికి ముందు మొబైల్ కోసమే ఒక పలుచని పొరను నిలబెట్టి, పది పిలుపులనూ అది లోపలే చేసి ఒక్క జవాబుగా కుదించి పంపే పద్ధతి స్థిరపడింది. ఏ తెరకు ఏ వివరాలు కావాలో ఫోనే అడిగే గ్రాఫ్‌క్యూఎల్‌ను ఫేస్‌బుక్ 2012లో తన మొబైల్ యాప్ అవసరం కోసమే తయారుచేసుకుని 2015లో అందరికీ ఇచ్చింది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక జాగ్రత్త తప్పదు. ఆ పలుచని పొరలోకి వ్యాపార నియమాలు మెల్లగా జారుకుంటాయి, రెండేళ్ళకు రాయితీ లెక్క కౌంటరులో ఒకలా, ఫోన్‌లో మరోలా వస్తుంది.

భద్రత విషయంలో మారిందల్లా నమ్మకానికి ఆధారం. ఆఫీసులో గోడే సగం భద్రత. 1999లో వచ్చిన బ్లాక్‌బెర్రీ ఎంటర్‌ప్రైజ్ సర్వర్ ఈ గోడను తెలివిగా వాడుకుంది. అది సంస్థ లోపలే కూర్చుని, 3101 అనే పోర్టు (నెట్‌వర్క్‌లో సంఖ్యతో గుర్తించే ద్వారం) మీదుగా తానే బయటికి సంబంధం తెరిచేది, బయటివారికి లోపలికి దారి తెరవాల్సిన పని ఉండేది కాదు. ఐఫోన్, ఆండ్రాయిడ్ వచ్చి ఉద్యోగులు సొంత ఫోన్లనే పనికి వాడటం మొదలయ్యాక గోడకు అర్థం మారింది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0లో ఒకే ఫోన్‌లో ఆఫీసు సమాచారాన్ని వేరే అరలో పెట్టే ఏర్పాటు చేరింది. ఉద్యోగి మానేస్తే ఆ అరను మాత్రమే తుడిచేయవచ్చు, పెళ్ళి ఫొటోలు పోవు. గుర్తింపు వైపు, యాప్‌లకు అనుమతి ఇచ్చే పద్ధతిగా 2012లో ప్రమాణమైన ఓఆత్ 2.0 వల్ల యాప్ పాస్‌వర్డ్‌ను దాచుకోకుండా కొద్దికాలం చెల్లే టోకెన్‌తో పని నడపగలుగుతోంది. మొబైల్ యాప్‌లు లాగిన్ తెరను తమలోనే ఇముడ్చుకోకుండా ఫోన్‌లోని బ్రౌజర్ ద్వారానే తెరవాలని 2017లో మరో ప్రమాణ పత్రం స్పష్టం చేసింది. ఇక్కడ కూడా లైను లేని సమయమే పరీక్ష. సొరంగంలో ఉండగా టోకెన్ గడువు తీరితే టీటీఈ పని ఆగాలా? గడువు తీరినా పరికరంలో నమోదు చేయనిచ్చి, పంపేటప్పుడు మాత్రం మళ్ళీ లాగిన్ అడగడం సరైన దారి. అలా చేస్తే పోయిన ఫోన్‌లో ఎంత సమాచారం ఉంటుందన్న ప్రశ్న వస్తుంది కనుక, పరికరంలోకి ఆ రోజు, ఆ బండి, ఆ బోగీలకు సరిపడా వివరాలే దించాలి.

ఫోన్ నడిచే తీరూ సర్వర్‌కు అలవాటైనది కాదు. 2015లో ఆండ్రాయిడ్ 6.0తో వచ్చిన డోజ్ ఏర్పాటు, ఫోన్ కదలకుండా పడి ఉన్నప్పుడు వెనుక నడిచే పనులను బ్యాటరీ కోసం వాయిదా వేస్తుంది. సర్వర్ తనంతట తాను ఫోన్‌కు పంపే పుష్ సందేశం తప్పక అందుతుందన్న హామీని ఆపిల్ కూడా ఇవ్వదు. కాబట్టి పుష్‌ను ‘కొత్త సంగతి ఉంది, వచ్చి చూడు’ అని తలుపు తట్టడానికే వాడాలి, సంగతిని అందులో పెట్టకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం వేధించేది పాత వెర్షన్లు. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను ఆదివారం రాత్రి మార్చితే సోమవారం ఉదయం అందరూ కొత్తదే చూస్తారు. మొబైల్‌లో ఆ ఆదివారం రాదు. ఎవరి ఫోన్‌లోనో చోటు లేదు, ఎవరో అప్‌డేట్ నొక్కలేదు, ఎవరి పరికరమో మరమ్మతులో ఉంది. సర్వర్ ఒకేసారి నాలుగైదు తరాల యాప్‌లతో మాట్లాడాలి, అంటే సందేశంలో కొత్త గడులు చేర్చవచ్చు గానీ పాత గడుల అర్థాన్ని మార్చకూడదు. చదవడం ఒక ఎత్తు, పంపకుండా మిగిలిన పనులు మరో ఎత్తు. రెండు నెలలు సొరుగులో ఉండిపోయిన పరికరాన్ని ఒకరు ఛార్జింగ్ పెట్టి తెరుస్తారు. అందులో ఆనాటి వెర్షన్‌లో రాసుకున్న పదిహేడు నమోదులు ఇంకా వరుసలో నిలబడి ఉంటాయి. వాటిని స్వీకరించాలా, ఏ నియమం ప్రకారం సరిచూడాలి, తిరస్కరిస్తే ఆ సంగతిని ఎవరికి, ఏ మాటల్లో చెప్పాలి అన్నవి నిర్మాణ పత్రంలో మొదటి రోజే రాసి ఉండాల్సిన జవాబులు. ‘లోపం: 409’ అని తెర మీద చూపిస్తే, నమోదు చేసిన మనిషికి తన పని అందిందో లేదో కూడా తెలియదు.